పెద్దమ్మ తెచ్చిన రెండు కాగితాలు



అంకెలు వచ్చాక మనం ఏమేం చదివాం? గోడ మీద క్యాలెండరు చదివాం. బస్సు నెంబరు చదివాం. రేషను కార్డు, కరెంటు బిల్లు చదివాం. ఈ పాఠంలో ఇంకో కాగితం చదువుదాం. అది రక్త పరీక్ష కాగితం.

ఈ కాగితాన్ని నేను ఎంచుకోలేదు. మా రాత్రి బడికి వచ్చే ఒక పెద్దమ్మ తెచ్చింది.

పెద్దమ్మకు యాభై దాటాయి. మిరప తోటల్లో కూలికి పోతుంది. ఆరు నెలలుగా బడికి వస్తోంది. అక్షరాల కంటే అంకెలంటే ఆమెకు ఇష్టం. కూలి డబ్బులు లెక్క చూసుకోవచ్చు గదా! ఒక రాత్రి ఆమె పలక తీయలేదు. సంచిలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది.

"అమ్మాయ్, ఇవి మీ పెదనాన్నవి. ఇది మూడేళ్ల నాటిది. ఇది మొన్నటిది. కుడి పక్క బరువుగా ఉందంటే పట్నం తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించా. కాగితం ఇచ్చినాయన ఏమన్నాడంటే, 'అప్పుడు లివరు నెంబరు 81 ఉంది. ఇప్పుడు 36కు దిగింది. బాగుంది, పోండి' అన్నాడు."

"మంచిదే గదా పెద్దమ్మా."

"ఏం మంచిది? నెంబరు బాగుందంట, మనిషి బాగాలేడు. రెండు ముద్దలు తిని చాలంటాడు. పొద్దుగూకేసరికి కాళ్లు వాస్తున్నాయి. అందుకని రాత్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివా."

కాగితం మీద పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ అంకెలు వచ్చు. ఈ కాగితంలో మొదటి వరుస, ఆ కాగితంలో మొదటి వరుస. ఇక్కడ రెండోది, అక్కడ రెండోది. అట్లా జత కలుపుకుంటూ చదివింది. తగ్గిన చోటల్లా పెన్సిలుతో గీత గీసింది.

"ఇదిగో చూడు. ఆ 81 ఒకటే తగ్గలేదు. ఇవి కూడా తగ్గినాయి. అది తగ్గితే మంచిదన్నాడు. మరి ఇవి తగ్గడం మంచిదా, చెడ్డదా?"

నేను టీచరు ట్రైనింగు చదివాను. పిల్లలకు పాఠం చెప్పడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు. నాకు జవాబు తెలియలేదు. మరునాడు ఇద్దరం కలిసి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయాం. అక్కడి డాక్టరు గారు పెన్సిలు గీతలు చూశారు. "ఇవి ఎవరు గీశారు?" అని అడిగారు. పెద్దమ్మ భయపడింది. కాగితం పాడు చేశానేమో అనుకుంది. డాక్టరు గారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. అరగంట సేపు మాతో మాట్లాడారు. ఆ రోజు విన్నదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాగితాల్లో ఏముందో చదవండి. పేర్లు నేను తెలుగులో రాశాను.

ఎస్.జి.పి.టి. : అప్పుడు 81, ఇప్పుడు 36
ఎస్.జి.ఓ.టి. : అప్పుడు 54, ఇప్పుడు 60
ఆల్బుమిన్ : అప్పుడు 4.2, ఇప్పుడు 3.2
ప్లేట్‌లెట్లు : అప్పుడు 1,90,000, ఇప్పుడు 1,10,000
తెల్ల కణాలు : అప్పుడు 7,000, ఇప్పుడు 6,000
వాటిలో న్యూట్రోఫిల్స్ : అప్పుడు నూటికి 60, ఇప్పుడు నూటికి 72
వాటిలో లింఫోసైట్స్ : అప్పుడు నూటికి 30, ఇప్పుడు నూటికి 18
సి.ఆర్.పి. : అప్పుడు చేయలేదు, ఇప్పుడు 9

కార్జం అంటే తెలుసు గదా?

మాంసం కొట్టులో కార్జం అంటాం. పుస్తకాల్లో కాలేయం అని రాస్తారు. ఆసుపత్రిలో లివర్ అంటారు. మూడూ ఒకటే. మనిషికి కుడి పక్క డొక్కలో, పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్లలో సుమారు కిలోన్నర తూగుతుంది.

మనం తిన్నది అరిగి రక్తంలో కలిశాక ముందుగా కాలేయానికే పోతుంది. వెంటనే కావలసింది కాలేయం ఒంట్లోకి పంపుతుంది. మిగిలింది దాస్తుంది. రోజూ ఎక్కువ మిగిలితే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కాలేయంలోనే పేరుకుపోతే ఫ్యాటీ లివర్ అంటారు. పొట్ట పెరిగిన వాళ్లకు, షుగరు జబ్బు ఉన్న వాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. పెదనాన్నకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెదనాన్నకు లివరు జబ్బు అని తెలియగానే వీధిలో కొందరు "చాటుగా తాగుతాడేమో" అన్నారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. సారా, బ్రాందీ కాలేయాన్ని పాడు చేసే మాట నిజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మనలాగే రాత్రి బడిలో చదువుకుంటూ సారా మీద తిరగబడ్డారు. అది వేరే పాఠం. కానీ తాగని వాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. జబ్బు పేరు వల్ల రోగులకు మాట పడుతోందని 2023లో డాక్టర్ల సంఘాలు పేరే మార్చాయి. కొత్త పేరు ఎం.ఎ.ఎస్.ఎల్.డి. దాని పూర్తి పేరు చాలా పొడుగు. నాకే నోరు తిరగలేదు. మనకు ఫ్యాటీ లివర్ అంటే చాలు.

ఇది అరుదైన జబ్బు కాదు. మన దేశంలో నూటికి 9 నుంచి 32 మందికి ఉండవచ్చునని ప్రభుత్వం వేసిన అంచనా. అందుకే 2021 ఫిబ్రవరిలో దీన్ని షుగరు, బి.పి., క్యాన్సరు పరీక్షల పథకంలో కలిపారు. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటిన వాళ్ల నడుము టేపుతో కొలుస్తుంది చూడండి, అందులో ఇది కూడా ఉంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. కొలిచేటప్పుడు నవ్వుకుంటూ పొట్ట లోపలికి లాగకండి.

కొవ్వు పడితే ఏమవుతుంది?

చాలామందికి వెంటనే ఏమీ కాదు. నొప్పి ఉండదు. కామెర్లు రావు. అందుకే తెలియదు. ఫ్యాటీ లివర్ ఉన్న వాళ్లలో ఎక్కువ మంది ప్రాణం తీసేది కూడా కాలేయం కాదు, గుండె జబ్బు. కొందరిలో మాత్రం ఆ కొవ్వు కాలేయంలో వాపు పుట్టిస్తుంది.

వాపు అంటే ఏమిటి? కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది. వేడిగా ఉంటుంది. ఉబ్బుతుంది. శరీరం అక్కడికి తెల్ల కణాలను పంపి పోరాడుతుంది. ముల్లు తీస్తే వాపు పోతుంది. కాలేయంలో కొవ్వు రోజూ ఉంటుంది కాబట్టి వాపు కూడా రోజూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఉంటే మెత్తని కాలేయంలో మచ్చలు కడతాయి. పుండు మానిన చోట చర్మం గట్టిగా అవుతుంది గదా, అట్లాంటి మచ్చ. మచ్చలు పెరిగి కాలేయం అంతా గట్టిపడితే సిరోసిస్ అంటారు. కాలేయం సంగతి ముందుముందు ఎట్లా ఉంటుందో చెప్పడానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఈ మచ్చలు ఎంత వరకు వచ్చాయన్నదే.

మరి 81 ఎందుకు 36 అయింది?

ఎస్.జి.పి.టి. అనేది కాలేయ కణాల లోపల ఉండే పదార్థం. కణం పగిలితే అది రక్తంలోకి కారుతుంది. మామూలుగా 40 లోపు ఉండాలి. 81 అంటే కణాలు పగులుతున్నాయని అర్థం. 36 అంటే పగలడం తగ్గిందని అర్థం.

పగలడం రెండు రకాలుగా తగ్గవచ్చు. మనిషి బరువు తగ్గి, కొవ్వు కరిగి, వాపు చల్లారితే తగ్గుతుంది. అది మంచిది. ఇంకో రకం కూడా ఉంది. పగలడానికి మంచి కణాలే ఎక్కువ మిగలకపోయినా తగ్గుతుంది. వాటి స్థానంలో మచ్చ వచ్చేస్తుంది. అప్పుడు 81 పోయి 36 వస్తుంది. కాగితం ఇచ్చినాయన మొదటిది అనుకున్నాడు. జరిగింది రెండోది.

ఏది జరిగిందో ఈ ఒక్క వరుస చూస్తే తెలియదు. మిగతా వరుసలు చూడాలి. పెద్దమ్మ చూసింది.

ఎస్.జి.ఓ.టి. చూడండి. మూడేళ్ల కిందట 54. పక్కనున్న 81 కంటే తక్కువ. ఇప్పుడు 60. పక్కనున్న 36 కంటే ఎక్కువ. రెండూ తారుమారు అయ్యాయి. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషిలో ఇట్లా తారుమారు అయితే మచ్చలు పెరుగుతున్నాయేమోనని డాక్టర్లు అనుమానిస్తారు.

ప్లేట్‌లెట్లు చూడండి. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేవి ఇవే. లక్షా యాభై వేలకు తగ్గకూడదు. డెంగీ జ్వరంలో వీటి పేరు అందరూ వినే ఉంటారు. పెదనాన్నకు జ్వరం లేదు, మరి ఎందుకు తగ్గాయి? పొట్టలో ఎడమ పక్క ప్లీహం అని ఒక అవయవం ఉంది. కాలేయం గట్టిపడితే దానిలోకి రక్తం సరిగా పారదు. కాలవకు అడ్డం పడితే నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు, రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టుకుని వదలదు. కాలేయం గట్టిపడిన సంగతి ఇట్లా రక్తం కాగితంలో బయటపడుతుంది.

ఇప్పుడు ఆల్బుమిన్ సంగతి. పెద్దమ్మ దీని కింద రెండు గీతలు గీసింది. 4.2 నుంచి 3.2. "ఒక్కటే గదా తగ్గింది" అన్నాను నేను. అది నా తెలివితక్కువ. ఆల్బుమిన్ 3.5కూ 5కూ మధ్య ఉండాలి. అంత చిన్న కొలతలో ఒకటి తగ్గడం చాలా ఎక్కువ.

ఆల్బుమిన్ ఒక మాంసకృత్తు. అంటే ప్రొటీన్. దాన్ని తయారు చేసేది కాలేయం ఒక్కటే. రక్తంలోని నీరు రక్తనాళాల నుంచి బయటకు ఊరిపోకుండా అది పట్టి ఉంచుతుంది. అది బాగా తగ్గితే నీరు కాళ్లలోకి దిగుతుంది, పొట్టలోకి చేరుతుంది. పొద్దుగూకేసరికి పెదనాన్న కాళ్లు వాయడానికి ఇదొక కారణం.

ఆల్బుమిన్ తగ్గితే తిండి చాలలేదని అందరూ అనుకుంటారు. అది సగం నిజం. తిండి తగ్గినా తగ్గుతుంది. కాలేయం చెడినా తగ్గుతుంది. ఒంట్లో వాపు ఉన్నా తగ్గుతుంది. వాపు ఉన్నప్పుడు కాలేయం ఆల్బుమిన్ పని పక్కన పెట్టి, సి.ఆర్.పి. లాంటి వాటిని తయారు చేయడంలో పడుతుంది. మూత్రంలో పోయినా తగ్గుతుంది. షుగరు ఉన్న వాళ్లకు మూత్రపిండాలు చెడితే అట్లా పోతుంది. అందుకని డాక్టరు గారు పెదనాన్న మూత్రం కూడా పరీక్ష చేయించారు. అందులో ప్రొటీన్ పోవడం లేదు. ఇంకో సంగతి. ఆల్బుమిన్ సుమారు మూడు వారాల్లో సగం ఖర్చవుతుంది. ఇవాళ నాలుగు గుడ్లు తింటే రేపు పెరగదు.

సి.ఆర్.పి. వాపు ఎంత ఉందో చెప్పే పరీక్ష. న్యుమోనియా రోగుల రక్తంలో 1930లో దీన్ని మొదట చూశారు. పెదనాన్న కాగితంలో 9 ఉంది. పక్క గడిలో 5 లోపు ఉండాలని రాసి ఉంది. కానీ ఒక చిక్కుంది. సి.ఆర్.పి.ని తయారు చేసేది కూడా కాలేయమే! కాలేయం బాగా చెడిపోతే దాన్నీ సరిగా చేయలేదు. అప్పుడు వాపు ఉన్నా నెంబరు తక్కువ చూపించవచ్చు. ఒక్క నెంబరు చూసి "బాగుంది, పోండి" అనకూడదని ఇందుకే అంటున్నాను.

లెక్క చేద్దాం

పలకలు తీయండి. డాక్టర్లు చేసే లెక్కలు మూడు చేద్దాం. వీటికి కావలసింది మనకొచ్చిన కూడికలు, గుణకారాలు, భాగహారాలే.

మొదటి లెక్క వాపు లెక్క. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వాపులో పెరుగుతాయి. లింఫోసైట్స్ అనేవి ఒంటికి కష్టం వచ్చినప్పుడు, పోషణ తగ్గినప్పుడు తగ్గుతాయి. మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. అప్పుడు 60ని 30తో భాగిస్తే 2. ఇప్పుడు 72ను 18తో భాగిస్తే 4. ఆరోగ్యంగా ఉన్న వాళ్లకు సాధారణంగా 1కీ 3కీ మధ్య వస్తుంది. కాలేయ రోగుల్లో ఇది పెరిగిన వాళ్లకు ముందుముందు ఎక్కువ ఇబ్బందులు వస్తున్నట్టు పరిశోధకులు గమనించారు. అయితే ఇంత దాటితే ప్రమాదం అని ఫ్యాటీ లివర్‌కు అందరూ ఒప్పుకున్న గీత ఇంకా లేదు. జలుబు చేసినా, జ్వరం వచ్చినా, కీళ్ల నొప్పికి కొన్ని రకాల మాత్రలు వాడినా ఇది పెరుగుతుంది. జ్వరం ఉన్న రోజు కాగితంతో ఈ లెక్క చేయకండి.

రెండో లెక్క పోషణ లెక్క. జపాన్‌లో ఒనొడెరా అనే డాక్టరు 1984లో దీన్ని చెప్పారు. పొట్ట, పేగుల ఆపరేషను రోగి తట్టుకోగలడా లేదా అని చూడడానికి దీన్ని చేశారు. తరవాత కాలేయ రోగులకూ వాడి చూస్తున్నారు. ఆల్బుమిన్‌ను 10తో గుణించాలి. లింఫోసైట్స్ మొత్తం ఎన్నో కట్టి, ప్రతి 200కు ఒకటి చొప్పున కలపాలి.

మూడేళ్ల కిందట: 4.2ను 10తో గుణిస్తే 42. తెల్ల కణాలు 7,000. నూటికి 30 చొప్పున 2,100. దాన్ని 200తో భాగిస్తే 10.5. మొత్తం 52.5.

ఇప్పుడు: 3.2ను 10తో గుణిస్తే 32. తెల్ల కణాలు 6,000. నూటికి 18 చొప్పున 1,080. దాన్ని 200తో భాగిస్తే 5.4. మొత్తం 37.4.

45 పైన ఉంటే ఆపరేషను చేయవచ్చనీ, 40 కింద ఉంటే ప్రమాదమనీ ఒనొడెరా అన్నారు. మన పెదనాన్న 40 కిందికి వచ్చాడు.

మూడో లెక్క మచ్చల లెక్క. దీన్ని ఫిబ్-ఫోర్ అంటారు. 2006లో వచ్చింది. మొదట వేరే కాలేయ జబ్బు కోసం చేశారు. ఇప్పుడు ఫ్యాటీ లివర్‌కు చాలా దేశాల్లో వాడుతున్నారు. పై రెండు లెక్కల కంటే దీనికే డాక్టర్లు ఎక్కువ విలువ ఇస్తారు. వయసును ఎస్.జి.ఓ.టి.తో గుణించి పైన రాయండి. కింద రాయడానికి రెండు కావాలి. ప్లేట్‌లెట్లు ఎన్ని వేలో ఆ అంకె ఒకటి. రెండోది ఎస్.జి.పి.టి. నుంచి వస్తుంది. ఏ అంకెను అదే అంకెతో గుణిస్తే ఎస్.జి.పి.టి. వస్తుందో ఆ అంకె. 81కి 9. ఎందుకంటే తొమ్మిది తొమ్ముల 81. 36కి 6. ఈ రెండిటినీ గుణించి కింద రాయండి. పై దాన్ని కింది దానితో భాగించండి.

మూడేళ్ల కిందట పెదనాన్న వయసు 55. 55ను 54తో గుణిస్తే 2,970. కింద 190ని 9తో గుణిస్తే 1,710. భాగిస్తే సుమారు 1.7.

ఇప్పుడు వయసు 58. 58ని 60తో గుణిస్తే 3,480. కింద 110ని 6తో గుణిస్తే 660. భాగిస్తే సుమారు 5.3.

1.3 లోపు ఉంటే పెద్ద మచ్చలు లేనట్టే. 2.67 దాటితే మచ్చలు బాగా ఉన్నాయేమోనని తప్పకుండా చూపించుకోవాలి. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష చేస్తారు. 65 ఏళ్లు దాటిన వాళ్లకు 1.3 బదులు 2 అని చూస్తారు. 35 లోపు వాళ్లకు ఈ లెక్క సరిగా పని చేయదు.

మూడేళ్ల కిందటే 1.7 ఉంది. అప్పుడే ఎవరైనా ఈ లెక్క చేసి ఉంటే ఇంకో పరీక్షకు పంపేవాళ్లు. ఎవరూ చేయలేదు. కాగితం పెట్టెలో ఉండిపోయింది.

పత్యం

డాక్టరు గారు పెద్దమ్మను "ఇంట్లో ఏం పెడుతున్నావు?" అని అడిగారు.

"పత్యమే బాబూ. లివరు జబ్బంటే నూనె వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు అన్నారు. చారన్నం, మజ్జిగన్నం. రాత్రిళ్లు గంజి. ఒకపూట మానేస్తే ఇంకా మంచిదన్నారు."

డాక్టరు గారు పెదనాన్నను చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. ఆయన లేవలేకపోయాడు. చొక్కా చెయ్యి పైకి మడవమన్నారు. జబ్బ సన్నగా, పిల్లవాడి జబ్బలా ఉంది. పొట్ట మాత్రం ముందుకే ఉంది. బొజ్జ ఉంది కాబట్టి మనిషి పుష్టిగా ఉన్నాడని మేమంతా అనుకున్నాం. ఆ పొట్టలో కొంత కొవ్వు, కొంత నీరు. కండ కరిగిపోయింది.

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. నిదానంగా చదవండి.

ఫ్యాటీ లివర్ మొదట్లో ఉన్న మనిషికి డాక్టరు బరువు తగ్గమని చెప్తారు. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 5 కిలోలు తగ్గితే వాపు తగ్గుతుంది. 7 కిలోలు తగ్గితే మచ్చలు కూడా కొందరిలో వెనక్కి పోతాయి. అన్నం తగ్గించాలి. చక్కెర టీలు, కూల్‌డ్రింకులు మానాలి. చెమట పట్టేలా నడవాలి. ఈ సలహా నిజం.

కానీ కాలేయం గట్టిపడి, ఆల్బుమిన్ తగ్గి, కండ కరిగిన మనిషికి అదే సలహా ఇస్తే చెడు చేస్తుంది. ఆయనకు తిండి కావాలి. జబ్బు పేరు ఒకటే. ఒకరికి తగ్గించమంటారు, ఇంకొకరికి పెట్టమంటారు. పక్కింటివాళ్లకు చెప్పిన పత్యం మనింట్లో చేయకూడదు. ఏ దశలో ఉన్నారో ముందు తెలియాలి. దానికే ఈ పరీక్షలు.

కాలేయం గట్టిపడిన వాళ్లకు ప్రొటీన్ ఆపమని వెనకటి డాక్టర్లు కూడా చెప్పేవాళ్లు. ఇప్పుడు అట్లా చెప్పడం లేదు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఎక్కడి నుంచి వస్తుంది? ఒక గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో 6 గ్రాములకు కాస్త ఎక్కువ. గుప్పెడు వేరుశెనగ పప్పుల్లో 7 గ్రాములు. 50 గ్రాముల కందిపప్పు వండితే 11 గ్రాములు. అన్నంలోనూ కొంత ఉంటుంది. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, పప్పు, శెనగలు పెడితే 42 గ్రాములకు పైగా వస్తుంది, మిగతాది అన్నం నుంచీ ఇతర తిండి నుంచీ రావాలి. చేప దొరికిన రోజు ఇంకా మంచిది. మజ్జిగన్నంతో రాదు.

రాత్రి పూట పస్తు పడుకోకూడదు. కాలేయం బాగున్న మనిషి రాత్రంతా తినకపోయినా అది దాచిన దాంతో గడుపుతుంది. గట్టిపడిన కాలేయం ఎక్కువ దాచలేదు. అప్పుడు శరీరం కండను కరిగించుకుంటుంది. అందుకని పడుకునే ముందు గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు పెట్టమన్నారు. షుగరు మాత్రలు వేసుకునే వాళ్లు తిండి మార్చేటప్పుడు డాక్టరును అడగాలి. నీరు చేరుతోంది కాబట్టి ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేప మానమన్నారు. మన ప్రాంతంలో ఆవకాయ మానమంటే ఎంత కష్టమో నేను చెప్పనక్కర లేదు. పెదనాన్న ఇప్పటికీ దొంగతనంగా వేలితో నాకుతాడు.

తరవాత ఏమయింది?

పెదనాన్నను పెద్దాసుపత్రికి పంపారు. ఫైబ్రోస్కాన్ అనే పరీక్ష చేశారు. పక్కటెముకల మీద ఒక చిన్న గొట్టం ఆనించి కాలేయం ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. కోత ఉండదు, నొప్పి ఉండదు. సిరోసిస్ అని తేలింది. కామెర్ల వైరస్‌లు ఉన్నాయేమో కూడా చూశారు. లేవు. గొంతులోంచి గొట్టం వేసి చూస్తే అన్నవాహికలో నరాలు ఉబ్బి ఉన్నాయి. అవి పగిలితే రక్తపు వాంతి అవుతుంది. అట్లా ఇంటి దగ్గరే ప్రాణం పోయిన వాళ్లున్నారు. పెదనాన్న నరాలు ఇంకా పగలలేదు. లోపలి రక్తపు ఒత్తిడి తగ్గించడానికి మాత్ర ఇచ్చారు. కాలేయంలో గడ్డ ఏమైనా పుడుతోందేమో చూడడానికి ఆరు నెలలకోసారి స్కాను చేయించమన్నారు. ఎవరో ఇచ్చిన పసరు తాగుతున్నాడని తెలిసి అది వెంటనే ఆపించారు.

ఆయనకు జబ్బు పోలేదు. గట్టిపడిన కాలేయం మళ్లీ మెత్తగా అవుతుందని డాక్టరు గారు మాట ఇవ్వలేదు. నాలుగు నెలల తరవాత మళ్లీ రక్తం పరీక్ష చేశారు. ఆల్బుమిన్ 3.4 ఉంది. కాళ్ల వాపు తగ్గింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు. ఆ కాగితాన్ని పెద్దమ్మ నాకంటే ముందే చదివేసింది. ప్లేట్‌లెట్లు పెరగలేదని ఆమెకు తెలుసు. అది పెరగకపోవచ్చునని కూడా తెలుసు.

ఇప్పుడు పెద్దమ్మ ఇంట్లో దూలానికి ఒక సంచి వేలాడుతోంది. కాగితాలన్నీ తేదీల వరసలో అందులో ఉంటాయి.

మీరు చేయండి

మీ ఇంట్లో రక్త పరీక్ష కాగితాలు ఉంటే రేపు బడికి తీసుకురండి. పాతదీ కొత్తదీ రెండూ తేవాలి. తేదీ ఎక్కడుందో వెతకండి. పక్క గడిలో ఎంత ఉండాలని రాశారో చదవండి. తగ్గిన చోట ఒక గీత, పెరిగిన చోట రెండు గీతలు గీయండి. పెన్సిలుతోనే గీయండి. ఆ కాగితాన్ని ఏ.ఎన్.ఎం. గారికి గానీ డాక్టరుకు గానీ చూపించి అడగండి. కాళ్లు వాచినా, పొట్ట ఉబ్బినా, కళ్లు పచ్చబడినా లెక్కల కోసం ఆగకండి. రక్తపు వాంతి అయితే 108కి ఫోను చేయండి.

ఈ లెక్క చేసి చూడండి. ఒక అక్క వయసు 40. ఎస్.జి.ఓ.టి. 30. ఎస్.జి.పి.టి. 25. ప్లేట్‌లెట్లు 2,00,000. ఏ అంకెను అదే అంకెతో గుణిస్తే 25 వస్తుంది? ఫిబ్-ఫోర్ ఎంత వచ్చింది? 1.3 లోపు ఉందా, దాటిందా?